ఇటుక ఇల్లు ఎట్లా కాలుతుంది?

పిల్లలూ! ఈ నెల మనకు మంగినపూడి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది ఆరో తరగతి చదివే అమ్మాయి. ఆమె ఇట్లా అడిగింది:

"మా ఊరు సముద్రం ఒడ్డున ఉన్నది. మా తాతయ్యగారి ఇల్లు పాతకాలపు పెంకుటిల్లు. గోడలు మూరెడు మందం ఉంటవి, ఇటుకతో కట్టినవి. లోపల స్తంభాలు, దూలాలు, అటక, మెట్లు అన్నీ కొయ్యవే. మొన్న వేసవిలో ఊరి చివర ఒక పాక కాలిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తాతయ్య నన్ను దగ్గర కూచోబెట్టుకుని, 'భయపడకే తల్లీ, మనది ఇటుక ఇల్లు, ఇటుక కాలదు' అన్నాడు. తాతయ్య చెప్పింది నిజమేనా?"

తాతయ్య చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం ఏమిటో ఇవాళ తెలుసుకుందాం. అది తెలియక పెద్ద పెద్ద మేడలు కూడా బూడిద అయినవి.

ముందుగా, నిజమైన సగం సంగతి. ఇటుక పుట్టిందే నిప్పులో. బంకమట్టిని అచ్చులో వేసి, ఎండబెట్టి, బట్టీలో పేర్చి రోజుల తరబడి కాలుస్తారు. బట్టీలో వేడి 900 మొదలు 1000 డిగ్రీల సెంటిగ్రేడు దాకా పోతుంది. అంత వేడి తిని బయటికి వచ్చిన ఇటుక మళ్ళీ అంటుకోమంటే అంటుకోదు. గోడలోని సున్నం కూడా అటువంటిదే. సముద్రం ఒడ్డున దొరికే గుల్లనో, సున్నపు రాయినో కాల్చి చేసిందే గదా సున్నం!

మీలో కృష్ణా డెల్టా చూసినవాళ్ళు ఎందరు? బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో నేలంతా కృష్ణానది తెచ్చి పోసిన మెత్తని ఒండ్రుమట్టి. కట్టడానికి కొండరాయి దొరకదు. మంగినపూడి తీరానికి స్నానానికి వెళ్ళినవాళ్ళకు తెలుసు, అక్కడ నల్లని బంకమట్టి కాళ్ళకు అంటుకుంటుంది. ఇటువంటి చోట ఇల్లు కట్టాలంటే చేతికి అందేవి మట్టి, తాటిచెట్టు, గడ్డి. అందుకే బీదవాళ్ళు మట్టిగోడ లేపి, తాటి వాసాలు వేసి, పైన తాటాకో రెల్లుగడ్డో కప్పుకున్నారు. కలిగినవాళ్ళు మట్టిని కాల్చి ఇటుక చేసుకున్నారు. దూరాన్నుంచి టేకు తెప్పించుకున్నారు. 1652లో బందరుకు వచ్చిన టావర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు, ఈ ఊళ్ళో ఇళ్ళు కొయ్యతో కట్టినవని తన యాత్రా గ్రంథంలో రాశాడు.

పూరిళ్ళ పల్లెకు వేసవిలో ఒక భయం ఉంటుంది. మధ్యాహ్నం దాటిందంటే సముద్రం మీది నుంచి గాలి వీస్తుంది. ఒక కప్పు అంటుకుంటే నిప్పురవ్వలు ఆ గాలికి లేచి పక్క కప్పు మీద పడతవి. అక్కడి నుంచి ఇంకో కప్పు మీదికి! ఒక ఇంట్లో పొయ్యి సరిగా ఆర్పకపోతే వాడ అంతా తగలబడిపోయేది.

ఇటువంటి కష్టం మన పల్లెలకే కాదు, మహానగరాలకూ కలిగింది. 1666 సెప్టెంబరు 2వ తేదీన లండన్‌లో ఒక రొట్టెల దుకాణంలో నిప్పు పుట్టింది. ఇళ్ళన్నీ కొయ్యవి, వీధులన్నీ ఇరుకువి. నాలుగు రోజులలో 13,000కు పైగా ఇళ్ళు కాలిపోయినవి. మరుసటి ఏడు, అంటే 1667లో, ఒక చట్టం చేశారు: ఇక మీదట ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా బయటి గోడలు ఇటుకతోనో రాతితోనో కట్టాలి. దానితో నిప్పు ఇంటి నుంచి ఇంటికి దూకడం బాగా తగ్గింది.

అంటే ఇటుక గోడ చేసే ఉపకారం ఏమిటన్నమాట? అది నిప్పును పక్క ఇంటికి పోనివ్వదు. పక్క ఇంటి నిప్పును లోపలికి రానివ్వదు. ఇదీ తాతయ్య చెప్పిన నిజం.

మరి నిప్పు లోపలే పుడితే?

మీ ఇంట్లో ఇప్పుడు గ్యాసు పొయ్యి ఉండవచ్చు. కాని ఏ పెళ్ళిలోనో పెరట్లో గాడిపొయ్యి మీద వంట చెయ్యడం చూసే ఉంటారు. పొయ్యి దేనితో కడతారు? ఇటుకతో. ఇటుకలు కాలుతున్నవా? లేదు. కాని మధ్యలో పెట్టిన కట్టెలు భగభగమని మండుతవి. పైగా, చుట్టూ ఇటుకలు ఉండటం వల్ల వేడి పక్కలకు పోకుండా కట్టెల మీదికే తిరిగి వస్తుంది. అదే కట్టెలను ఆరుబయట పరిచి అంటిస్తే అంత బాగా మండవు.

ఇప్పుడు ఒక్కసారి తలెత్తి పాత పెంకుటిల్లు చూడండి. నాలుగు వైపులా ఇటుక గోడలు. లోపల కొయ్య స్తంభాలు, కొయ్య దూలాలు, వాసాలు, పెండెలు, అటక, మెట్లు, తలుపులు, మందసాలు, పట్టె మంచాలు. బయటి నుంచి చూస్తే ఇది ఇటుక ఇల్లు. నిప్పు కళ్ళతో చూస్తే కట్టెలు పేర్చి ఉంచిన పెద్ద పొయ్యి!

అయ్యో, అట్లా అయితే ఆ ఇళ్ళలో కాపురం ఎట్లా చేస్తున్నారు అంటారా? తొందరపడకండి. కొయ్యలన్నీ ఒక్క తీరుగా కాలవు. అందులోనే అసలు కిటుకు ఉన్నది.

పొయ్యి రాజెయ్యడానికి మీ నాయనమ్మ ముందుగా ఏమి వేస్తుంది? పెద్ద మొద్దు వేస్తుందా? వెయ్యదు. ఎండిన కొబ్బరి పీచో, తాటాకు ముక్కో అంటిస్తుంది. దాని మీద సన్నని పుల్లలు వేస్తుంది. పుల్లలు బాగా అంటుకున్న తరవాతనే మొద్దు పెడుతుంది. మొద్దుకు అగ్గిపుల్ల చూపిస్తే అగ్గిపుల్ల ఆరిపోతుందే గాని మొద్దుకు ఏమీ కాదు.

కారణం చెబుతాను. నిజానికి కొయ్య నేరుగా మండదు. వేడికి కొయ్యలోనుంచి ఒక విధమైన ఆవిరి, అంటే మండే వాయువులు, బయటికి వస్తవి. మనం చూసే మంట ఆ వాయువులది. ఇవి పైపొర నుంచే వస్తవి గనక, ఎంత ఎక్కువ పైభాగం నిప్పుకు ఎదురైతే అంత ఎక్కువ మంట. 20 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం, ఒక మీటరు పొడవు ఉన్న దూలాన్ని తీసుకోండి. దాని నాలుగు పక్కలూ కలిపితే 80 సెంటీమీటర్ల చుట్టుకొలత. ఆ దూలాన్నే ఒక సెంటీమీటరు మందాన 20 పలకలుగా కోశారనుకుందాం. ఒక్కొక్క పలక చుట్టుకొలత 42 సెంటీమీటర్లు. ఇరవై పలకలకు 840. కొయ్య అదే, బరువు అదే, కాని నిప్పుకు దొరికే చోటు పది రెట్లు దాటింది!

ఇంకో విశేషం కూడా ఉన్నది. లావు కొయ్య పైపొర కాలి బొగ్గు అవుతుంది. ఈ బొగ్గు లోపలి కొయ్యకు దుప్పటి మాదిరి అడ్డుపడి, వేడిని నెమ్మదిగా మాత్రమే లోపలికి పోనిస్తుంది. మండే ఇంట్లో గట్టి దూలం నిమిషానికి అర మిల్లీమీటరు మొదలు ముప్పాతిక మిల్లీమీటరు లోతున మాత్రమే బొగ్గవుతుందని పరీక్షలు చేసి తెలుసుకున్నారు. అంటే అరగంటలో సుమారు రెండు సెంటీమీటర్లు. ఇరవై సెంటీమీటర్ల దూలానికి రెండు పక్కలా అంత పోయినా మధ్యలో సుమారు పదహారు సెంటీమీటర్ల గట్టి కొయ్య మిగిలి, బరువు మోస్తూనే ఉంటుంది. అదే ఒక సెంటీమీటరు పలక రెండు వైపులా మంట తగిలితే పది నిమిషాలు నిలవడం కష్టం.

ఇనుము సంగతి ఏమిటి? ఇనుము కాలదు. కాని ఉక్కు దూలం 550 - 600 డిగ్రీల వేడికి మెత్తబడి తన బలంలో సగం పోగొట్టుకుంటుంది. ఏ రక్షణ పూతా లేని ఉక్కు దూలం వంగిపోయిన చోట, లావు టేకు దూలం నల్లబడి కూడా నిలిచి ఉండవచ్చు. వినడానికి వింతగా ఉన్నది గదూ!

అమెరికాలో బట్టల మిల్లులు కట్టినవాళ్ళు ఈ సంగతి సుమారు రెండు వందల ఏళ్ళ కిందటే కనిపెట్టారు. ఆ మిల్లులు ఇటుక గోడలవి. లోపలి అంతస్తులు కొయ్యవి. పత్తి దూది, నూనె, దీపాలు అన్నీ ఒక్క చోటే. ఎన్నో మిల్లులు కాలిపోయినవి. రోడ్ ఐలండ్ అనే రాష్ట్రంలో జకారియా అలెన్ అనే మిల్లు యజమాని ఉండేవాడు. జాగ్రత్తగా కట్టిన తన మిల్లుకూ, అజాగ్రత్తగా కట్టినదానికీ భీమా కంపెనీ ఒకే రుసుము అడగడం అతనికి నచ్చలేదు. 1835లో అతను తోటి యజమానులను కలుపుకుని వేరే భీమా సంఘం పెట్టాడు. జాగ్రత్తగా కట్టిన మిల్లులకే అందులో చోటు. అటువంటి మిల్లులలో దూలాలు లావుగా, దూరం దూరంగా ఉండేవి. నేల పలకలు బాగా మందంగా ఉండేవి. ముఖ్యంగా, ఎక్కడా కంటికి కనపడని డొల్లచోటు ఉండకూడదు. దీనికి వాళ్ళు "నెమ్మదిగా కాలే కట్టడం" అని పేరు పెట్టారు. కాలనే కాలదని వాళ్ళు గొప్పలు చెప్పుకోలేదు, చూశారా! మనుషులు బయటపడటానికీ, మంట ఆర్పడానికీ వ్యవధి ఇస్తుంది, అంతే.

డొల్లచోటు అంటే ఏమిటి? అటక లోపల, దొంగకప్పు పైన, కొయ్యమెట్ల కింద, గోడకు కొట్టిన పలకల వెనక ఉండే ఖాళీ. అక్కడ నిప్పు పుడితే ఎవరికీ కనిపించదు. పొగ బయటికి వచ్చేసరికి మంట బాగా పెరిగిపోయి ఉంటుంది.

పారిస్ నగరంలో నోత్రదామ్ అనే పెద్ద రాతి చర్చి ఉన్నది. దాని గోడలు రాయి, లోపలి కమానులు రాయి. కాని కమానుల పైన, సీసపు రేకుల కింద, ఓకు కొయ్య దూలాలతో ఒక పెద్ద అడవి వంటి అటక ఉండేది. ఆ దూలాలలో చాలావాటికి ఎనిమిది వందల ఏళ్ళ వయస్సు. 2019 ఏప్రిల్ 15వ తేదీ సాయంత్రం అక్కడ నిప్పు పుట్టింది. ప్రమాదపు గంట మోగింది గాని, చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందు వేరే చోటికి వెళ్ళారు. అసలు చోటు తెలిసేసరికి దాదాపు అరగంట గడిచిపోయింది. అటక అంతా కాలిపోయింది; ఎత్తయిన శిఖరం కూలింది. అయితే కింది రాతి కమానులు చాలావరకు నిలిచి, నిప్పును లోపలికి దిగకుండా ఆపినవి. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. మళ్ళీ ఓకు దూలాలతోనే బాగుచేసి 2024 డిసెంబరులో చర్చిని తెరిచారు. రాయి తన పని చేసింది, కొయ్య తన పని చేసింది. పోయింది ఆ అరగంటే.

ఇప్పుడు అంతకంటె భయంకరమైన సంగతి ఒకటి చెప్పాలి. కొయ్య కాలితే ఇటుక గోడకు ఏమవుతుంది? దీనికి నిప్పు అక్కరలేని ఆట ఒకటి ఉన్నది. ఆరేడు లావు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చండి. అది గోడ. మధ్య పుస్తకాల నడుమ ఒక కొయ్య స్కేలును బెత్తెడు లోపలికి దూర్చండి. అది దూలం. బయట ఉన్న స్కేలు కొసను గట్టిగా కిందికి నొక్కండి. ఏమయింది? లోపలి కొస పైకి లేచి, పై పుస్తకాలను ఎత్తి పడేసింది! దూలం మధ్యలో కాలి విరిగినప్పుడు అచ్చం ఇట్లాగే జరుగుతుంది. కింద పడుతూ పడుతూ గోడను కూడా పెళ్ళగిస్తుంది.

అందుకని కొన్ని దేశాలలో పనివాళ్ళు ఒక ఉపాయం చేశారు. గోడలో కూర్చునే దూలపు కొసను ఏటవాలుగా కోసేవారు. పైఅంచు పొట్టిగా, కిందిఅంచు పొడుగ్గా ఉంటుంది. దూలం విరిగితే ఆ కొస గోడను ఎత్తకుండా మెత్తగా జారి బయటికి వస్తుంది. దూలం పోతుంది గాని గోడ నిలుస్తుంది. ఒక్క రంపపు కోత ఎంత పని చేసిందో చూడండి!

గోడ నిలిచినా దాన్ని నమ్మరాదు. అంతస్తుల దూలాలే ఎదురెదురు గోడలను పట్టి ఉంచుతవి. అవి పోతే ఎత్తయిన గోడ ఒంటరిగా నిలబడుతుంది. ఒక పక్క వేడికి ఉబ్బి, ఎటైనా వాలవచ్చు. అందుకనే అగ్నిమాపక దళంవారు కాలుతున్న గోడకు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలని నియమం పెట్టుకుంటారు.

ఈ కష్టం తెలుగువారికి బాగా తెలిసిన ఊళ్ళోనే జరిగింది. మద్రాసులో చేపాక్ రాజభవనం ఉన్నది. ఆర్కాటు నవాబు కోసం 1768లో కట్టారు. అందులో ఒక భాగం కలస్ మహల్. పాతకాలపు మద్రాసు మిద్దె కట్టే పద్ధతి మీకు తెలుసా? టేకు దూలాలను దగ్గర దగ్గరగా పరుస్తారు. వాటి మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేరుస్తారు. పైన ఇటుక ముక్కల గచ్చు వేస్తారు. చూడటానికి అంతా ఇటుక. మోసేది మటుకు కొయ్య. 2012 జనవరి 16వ తేదీ, పొంగలు సెలవుల్లో, రాత్రివేళ కలస్ మహల్ అంటుకున్నది. అప్పుడు అందులో ప్రభుత్వ కార్యాలయాలు, కట్టలకొద్దీ కాగితాలు ఉన్నవి. మంట ఆర్పడానికి లోపలికి వెళ్ళినవారి మీద కట్టడంలో ఒక భాగం కూలిపడింది. ఒక అగ్నిమాపక అధికారి ప్రాణం పోయింది. ఒక అధికారిణికి తీవ్రమైన గాయాలు తగిలినవి. తరవాత కలస్ మహల్‌ను పాత పద్ధతిలోనే బాగుచేశారు. పోయిన ప్రాణాన్ని ఎవరు తిరిగి తేగలరు?

సరిగ్గా పదేళ్ళకు, 2022లో, అదే జనవరి 16వ తేదీ తెల్లవారుజామున సికింద్రాబాదు క్లబ్బు కాలిపోయింది. అది 1878లో ఏర్పడ్డ క్లబ్బు. దాని ప్రధాన భవనం పాతకాలపుది. లోపల కొయ్యపని విస్తారంగా ఉండేది. సంక్రాంతి రోజులు. పది వరకు ఫైరింజన్లు వచ్చి గంటల తరబడి పోరాడినా ఆ భవనం దక్కలేదు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు, అదే మేలు. విద్యుత్తు తీగల దోషం వల్ల జరిగి ఉంటుందని అప్పుడు అనుకున్నారు.

రెండు ప్రమాదాలూ పండుగ రోజుల్లోనే, రాత్రిపూటనే జరగడం చూశారా? తేదీ కలవడం కాకతాళీయమే. కాని అందరూ ఇళ్ళకు పోయి, నిప్పు మొదట్లో ఉండగా చూసే దిక్కు లేకపోతే ఏమవుతుందో ఇందులో తెలుస్తుంది. దోసెడు నీళ్ళతో ఆరిపోయే నిప్పుకు కాసేపు వ్యవధి ఇస్తే పది ఫైరింజన్లు చాలవు.

ఆ కాసేపట్లో గదిలో ఏమి జరుగుతుందంటే, వేడి పొగ పైకి లేచి కప్పు కింద మేఘంలా పేరుకుంటుంది. ఆ మేఘం నిమిష నిమిషానికీ కిందికి దిగుతూ, గదిలో ఉన్న ప్రతి కొయ్యనూ, ప్రతి బట్టనూ వేడెక్కిస్తుంది. కప్పు కింద వేడి 500 - 600 డిగ్రీలు అయ్యేసరికి, మంట తగలని వస్తువులు కూడా ఒక్కసారిగా భగ్గుమంటవి. ఇక ఆ గదిలో ఎవరూ బతకలేరు. అంతకుముందే పొగలోని విషవాయువు మనిషికి స్పృహ తప్పిస్తుంది. నిప్పు ప్రమాదాలలో చాలామందిని చంపేది మంట కాదు, పొగే.

ఇంతకీ మంగినపూడి అమ్మాయికి ఏమి జవాబు చెబుదాం?

అమ్మాయీ, మీ ఇంట్లో కొన్ని మంచి గుణాలు ఉన్నవి. మందపాటి గోడ పక్కింటి నిప్పును ఆపుతుంది. లావు దూలాలు, స్తంభాలు తొందరగా కూలవు. మీది మండువా ఇల్లయితే, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉంటుంది గదా, వసారాలలోని వేడి పొగ కొంత దానిలోనుంచి పైకి పోతుంది. గట్టి టేకు తలుపు మూసి ఉంచితే అది కూడా నిప్పును కొంతసేపు ఆపుతుంది. ఇవి అన్నీ కలిసి మీకు ఇచ్చేది కొద్ది నిమిషాల వ్యవధి. ఆ నిమిషాలను మీరు ఎట్లా వాడుకుంటారన్నదే ముఖ్యం.

అందుకని ఈ ఆదివారం తాతయ్యను వెంటబెట్టుకుని ఇల్లంతా చూడు. తక్కిన పిల్లలూ మీ మీ ఇళ్ళలో చూడవచ్చు.

మొదట అటక ఎక్కించి చూపించమను. పాత పత్రికలు, కొబ్బరి డొక్కలు, చిరిగిన పరుపులు, విరిగిన ఉయ్యాల, ఇవన్నీ అక్కడే ఉంటవి. దూలం మొద్దయితే, ఇవి పీచూ పుల్లలూ. పొయ్యి రాజెయ్యడానికి కావలసినవన్నీ మనమే దగ్గర పెట్టి ఉంచుతున్నాం! వాటిని దించెయ్యమని అడుగు.

రెండవది విద్యుత్తు తీగలు. పాత ఇళ్ళలో తీగలను కొయ్య బద్దీల మీద నడిపేవారు. ఏళ్ళు గడిస్తే తీగ మీది తొడుగు పెళుసెక్కి రాలుతుంది. సముద్రపు ఉప్పుగాలికి అతుకులు తుప్పు పడతవి. తీగ వేడెక్కి, కింద ఉన్న ఎండుకొయ్యను మాడుస్తుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదంటే అది మనకు చెప్పే హెచ్చరిక. అందులో లావు తీగ చుట్టి దాని నోరు మూయించకూడదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. తీగలు మీరు మాత్రం తాకవద్దు.

మూడవది దీపాలు. కార్తీకమాసంలో కొయ్యగుమ్మం మీద దీపం పెడితే ఎంతో అందంగా ఉంటుంది. గుమ్మం మీద కాకుండా, పక్కన నేల మీద పళ్ళెంలో పెట్టండి. పడుకునే ముందు కొండెక్కిందో లేదో చూడండి.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. బయటికి పోయే దారులు లెక్కపెట్టు. మన ఇళ్ళ కిటికీలకు ఇనుప ఊచలు ఉంటవి, వాటిలోనుంచి పోలేము. కనక మిగిలినవి వీధి గుమ్మం, పెరటి గుమ్మం. చాలా ఇళ్ళలో పెరటి గుమ్మానికి అడ్డంగా బియ్యం బస్తాలో, పాత మంచమో ఉంటుంది. దారి ఒక్కటే ఉండి, నిప్పు ఆ దారిలోనే పుడితే ఏమి చేస్తారు?

నిజంగా నిప్పు కనిపిస్తే పెద్దగా కేకవేసి అందరినీ లేపండి. మూసిన తలుపును తెరిచే ముందు మునివేళ్ళ వెనక వైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవవద్దు, ఇంకో దారిన పొండి. పొగ ఉంటే నేలకు వంగి, పాకుతూ పొండి. మంచి గాలి కిందనే ఉంటుంది. వస్తూ వస్తూ తలుపులు దగ్గరగా వేసి రండి. బయట ఒక చెట్టు కిందనో బావి దగ్గరనో అందరూ కలుసుకోవాలని ముందే అనుకోండి. అక్కడ తలలు లెక్కపెట్టుకోండి. 101కి గాని 112కి గాని ఫోను చెయ్యండి. ఆ తరవాత పుస్తకాల సంచీ కోసమైనా, దూడ కోసమైనా లోపలికి పోవద్దు. దూడ లోపల ఉన్నదని వచ్చినవాళ్ళకు చెప్పండి.

కాలే ఇళ్ళలోకి వెళ్ళేవాళ్ళ పని ఎంత కష్టమో మన దేశం ఏటా తలుచుకుంటుంది. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో పత్తి బేళ్ళు, మందుగుండు సామాను ఉన్న ఓడ అంటుకుని పేలిపోయింది. దాన్ని ఆర్పబోయిన అగ్నిమాపక దళంవారు 66 మంది ఆనాడు మరణించారు. వాళ్ళ జ్ఞాపకార్థమే ఏప్రిల్ 14 మొదలు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతవి. మనం ముందుగా బయటపడి, లోపల ఎవరూ లేరని చెప్పగలిగితే, వాళ్ళు కూలే కప్పు కిందికి పోవలసిన పని తప్పుతుంది.

అమ్మాయీ, ఈ పేజీ తాతయ్యకు చదివి వినిపించు. "ఇటుక కాలదు తాతయ్యా, నువ్వు చెప్పింది నిజమే. కాని మన ఇంట్లో ఇటుక కానిది చాలా ఉన్నది" అని చెప్పు. చెప్పిన తరవాత పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళి గడియ నువ్వే తీసి చూడు. సముద్రం ఒడ్డున ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. నీ చేతికి గడియ రాకపోతే రెండు చుక్కల నూనె వేసి, వచ్చేదాకా ఆడించు. ఆ గడియ తాతయ్య చేతికి వస్తే చాలదు, నీ చేతికీ రావాలి. ఆ రాత్రి హాయిగా నిద్రపో.